ఎవరూ అడగని పాటల క్యాసెట్

మా చిన్నప్పుడు... కోరుట్లలో ఏ బరాత్‌లోనైనా మా బాపు సొంత బాణీ ఎత్తుకున్నాడంటే చాలు, ఆపమని జనం అరిచేవాళ్లు.

"ఓ బ్యాండోళ్లూ! గదేం కొట్టుడే? పెండ్లా, సావా? సినిమా పాట కొట్టుండ్రి!"

బాపు నవ్వేసి, క్లారినెట్ తుడుచుకుని మళ్లీ సినిమా పాటే ఊదేవాడు. నాకు మాత్రం భయం... ఎవరైనా బాపును కొడతారేమోనని. ఈ భయం నాకు అప్పటినుంచీ ఉన్నదే.

బ్యాండులో ముగ్గురే... బాపు, బూర ఊదే మా మేనమామ, డ్రమ్ము కొట్టే సత్తయ్య. సత్తయ్యది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడునే డ్రమ్ము మీద పలికించేవాడు, దాని మీద బాపు ఊదేవాడు. అలాంటి బాణీలు ఆరు కట్టుకున్నారు. ఆ ఆరింటిలో ఒక్కదాన్నీ ఏ పెళ్లిలోనూ జనం పూర్తిగా వాయించనియ్యలేదు.

రెండేళ్లు వరుసగా వానలు లేవు... పెళ్లిళ్లూ తగ్గిపోయాయి. సత్తయ్య సాంచాల పనికి భీవండికి, మేనమామ బొంబాయికి బయలుదేరారు. బాపుకు దుబాయి వీసా వచ్చింది.

పోయేముందు ఒక పొద్దున ముగ్గురూ మా ఇంట్లో కూర్చున్నారు. పక్కింటి యూసుఫ్ చాచా దుబాయి విడిచి వచ్చేసినవాడు. ఆయన టేపురికార్డరు తెచ్చి పెట్టాడు. కోళ్లను తోలి, తలుపులు మూసి, క్యాసెట్టుకు ఒక పక్క మూడు, రెండో పక్క మూడు ఎక్కించారు. నడుమ నాకు దగ్గొచ్చి లంగా అంచు నోట్లో కుక్కుకున్నాను...

"గిది పైలం బిడ్డా, పోగొట్టకు. మేం ముగ్గురం మళ్ల ఎప్పుడు కూడుతమో ఏమో" అన్నాడు బాపు.

పేర్లు రాసి పెట్టుకునేంత చదువు మా ఇంట్లో లేదు. గుర్తు కోసం అవ్వ, అంటే మా అమ్మ, ఆ క్యాసెట్టుకు ఎర్ర దారం చుట్టి కట్టింది. నేనేమో బాపు మీద బెంగ పుట్టినప్పుడల్లా దారం విప్పి, చాచా ఇంటికి పోయి వినేదాన్ని. ఒకరోజు మళ్లీ కట్టడం మరిచిపోయాను.

అప్పట్లో మా దగ్గర ఉత్తరాలు తక్కువ. చెప్పాల్సింది క్యాసెట్లో మాట్లాడి, దుబాయి పోయేవాళ్ల చేతికిచ్చేవాళ్లం. అక్కడివాళ్లు ఒక పక్క విని, రెండో పక్క జవాబు మాట్లాడి అదే క్యాసెట్ తిరిగి పంపేవాళ్లు. కొత్త మాట ఎక్కితే కింద ఉన్నది చెరిగిపోతుంది. అందుకని పాటలది కాక, మాటల కోసం ఇంకో ఖాళీ క్యాసెట్ ఇంట్లో ఉంచుకున్నాం.

బాపు పోయిన అయిదు నెలలకు, జగిత్యాల ఆయనొకరు దుబాయి పోతున్నాడని తెలిసింది. బస్సుకు గంటే ఉంది. ఆ ఆదరాబాదరాలో అవ్వ క్యాసెట్ పెట్టించి మాట్లాడింది... మేక ఈనిందనీ, దొడ్డిగోడ కూలిందనీ, తమ్ముడు నడుస్తున్నాడనీ. ఒక పక్క నిండిపోయింది.

ఆయన దాన్ని తీసుకుని పోయాక, మిగిలిన క్యాసెట్ పెట్టి చూశాను. బుస్సుమన్న చప్పుడు తప్ప అందులో ఏమీ లేదు. అంటే పోయింది పాటల క్యాసెట్టే.

బస్టాండు దాకా ఉరికాను. బస్సు వెళ్లిపోయింది.

అవ్వకు చెప్పాను. నన్ను ఒక్కటి చరిచి, ఆ చెయ్యి తన నెత్తినే పెట్టుకుని కూలబడింది. "అయ్యో... నా ముచ్చట్లు పెట్టి ఆయన పాటలు తుడిసినానే పోరీ!"

యూసుఫ్ చాచా అన్నాడు, "ఇటు మూడు పోయినయ్ గని, అటు మూడున్నయ్ గద. ఆయన అటు తిప్పి జవాబు మాట్లాడకుంటె సాలు."

"మాట్లాడేముందు వినడా చాచా?"

"ఆడ ఒక్క టేపుకు పదిమందుంటరు బిడ్డా. నా వంతు రాలేదని ఎనక నిలవడి లొల్లి పెడ్తరు. వినుడు ఎక్కడిది? తిప్పుడు, మాట్లాడుడే."

నాలుగు నెలలు అన్నం సహించలేదు నాకు. మా బాపు ఏమీ మాట్లాడకూడదని మొక్కుకున్నాను... ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఏ ఆడపిల్ల అయినా తండ్రి కోసం అలా మొక్కుకుంటుందా...

క్యాసెట్ వచ్చింది. చాచా రెండో పక్క పెట్టి బటన్ నొక్కాడు.

బాపు గొంతే...

"నేను మంచిగనే ఉన్న... నువ్వు పైలం... పిల్లలు పైలం..." కాసేపు ఏమీ లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఎవరో దూరంగా "జల్దీ కానియ్యే" అంటున్నారు. "ఇగ... ఉంట మరి."

టక్కుమంది. ఆ వెంటనే పాట నడుమ నుంచి క్లారినెట్... దాని వెనక సత్తయ్య డ్రమ్ము!

"అవ్వా! బాపు ఎక్కువ మాట్లాడలేదే! పాటలు మిగిలినయే!" అని గంతులేశాను.

అవ్వ నా వైపు చూడలేదు. "మళ్ల పెట్టు" అంది.

చాచా వెనక్కి తిప్పాడు. మాటలు అయిపోయి పాట మొదలవగానే, "ఆపు. మళ్ల పెట్టు."

"పాట విననియ్యవే!" అని నేను ఏడుపు. "మళ్ల పెట్టు" అని ఆమె. నాలుగోసారికి చాచా టేపు ఆమె ముందుకు జరిపి, ఏ బటనో చూపించి, లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆయనా దుబాయిలో ఎన్నో ఏళ్లున్న మనిషే కదా...

బాపు ఎందుకు అంత తక్కువ మాట్లాడాడో నాకు పెళ్లై, పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. మొదటి పాట మొదలు పోయినా, ఆ తక్కువ మాటల వల్లే ఆ మూడు పాటలు బతికాయి. నేనేమో సంబరపడ్డాను.

ఇప్పుడు మా మనవడు మస్కట్ నుంచి రోజూ వీడియోలో కనిపిస్తాడు. "తిన్న అమ్మమ్మా" అంటాడు... అంతలోనే ఫోన్ పెట్టేస్తాడు. నిజంగా తిన్నాడో లేదో, గొంతులో ఏమైనా తేడా ఉందో, వెనక్కి తిప్పి వినడానికి నా దగ్గర ఏమీ మిగలదు...

మీ ఇళ్లలో అలాంటి క్యాసెట్లు ఉంటే పారెయ్యకండి. రెండు పక్కలా వినండి. మాటలు ఆగిపోయిన చోట కూడా వినండి... అందులో ఎవరున్నారో నాకూ చెప్పండి.