వామన్‌రావు ఆపేసిన అలారం

వామన్‌రావు అబిడ్స్‌లో ముప్పై నాలుగేళ్లు మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గీజర్లు బాగుచేశాడు. మోటారును ఒక్కసారి తిప్పి చెవి ఒగ్గితే చాలు, తేడా ఎక్కడుందో చెప్పేవాడు. ఇక లాభం లేదని వేరే దుకాణాలవాళ్లు తిప్పి పంపిన సామాను కూడా చివరికి ఆయన బల్ల మీదికే వచ్చేది. ఆ పేరంటే ఆయనకు లోలోపల చాలా ఇష్టం.

అరవై దాటాక దుకాణం ఎత్తేసి ఒక పాత స్కూలు మినీబస్సు కొన్నాడు. ఏడు నెలలు కూర్చుని తన చేతులతోనే దాన్ని ఇల్లుగా మార్చాడు. రెండు పడకలు, వంటగట్టు, వెనక మూల చిన్న స్నానాల గది. భార్య కమల మొదట నవ్వింది గానీ, కాచిగూడ ఇల్లు కిరాయికిచ్చి బండెక్కాక ఆమెకే ఎక్కువ సరదా పుట్టింది. భద్రాచలం వెళ్లారు, శ్రీశైలం వెళ్లారు. ఊళ్లోకి వచ్చినప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక తెలిసినవాళ్ల షెడ్డులో ఆపుకునేవారు.

జాగ్రత్తకు ఆయన పెట్టింది పేరు. చీకటి పడ్డాక బండి నడిపేవాడు కాదు. ఆపగానే చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టేవాడు. వంట అయిన మరుక్షణం సిలిండరు కట్టేసేవాడు. హిమాయత్‌నగర్‌లో ఉండే కూతురు వైశాలి అయినా ఊరుకోలేదు. విషవాయువు చేరితే మోగే చిన్న తెల్లటి అలారం తెచ్చి స్నానాల గది పక్కన తగిలించిపోయింది.

చన్నీళ్లకు కమల మోకాళ్లు పట్టేస్తున్నాయని ఆయన ఆ గదిలో గ్యాస్ గీజరు బిగించాడు. దాని పొగ బయటికి పోవాలంటే గొట్టం వేయాలి, గొట్టానికి బండి పైకప్పు కోయాలి. కోస్తే వానకు కారుతుందని మానేశాడు. కిటికీ ఉందిగా అనుకున్నాడు. ఆ వారంలోనే కమల స్నానం చేస్తుండగా అలారం మూడుసార్లు మోగింది. మూడోసారి ఆయన దాన్ని విప్పి చూసి, పీస్ ఖరాబుందని తేల్చి, సెల్లులు తీసి గోడగడియారంలో వేశాడు. తీయడమెందుకని కమల అడిగితే, ముప్పై నాలుగేళ్లు ఇవే చూసినవాడికి నువ్వు నేర్పుతావా అన్నాడు. ఆమె మళ్లీ ఎత్తలేదు.

శ్రావణమాసం, పొద్దున పది గంటలు. వాన దంచుతోంది. వైశాలి ఇంట్లో పూజకు వెళ్లాలని కమల స్నానానికి వెళ్లింది. జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూసుకున్నట్టుంది. వామన్‌రావు వైపర్ రబ్బరు కోసం అబిడ్స్ వెళ్లి వచ్చేసరికి లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వస్తూనే ఉంది. పిలిచాడు. పలకలేదు. గడియ విరగ్గొట్టి తలుపు నెట్టగానే వేడి గాలి ముఖానికి కొట్టింది. కమల గోడకు ఒరిగి, తల వాల్చేసి ఉంది.

ఏం జరిగిందో ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

షెడ్డు గేటు పక్కన పంక్చర్లు వేసే బిచ్చయ్య పరుగున వచ్చాడు. ఆమెకు దుప్పటి చుట్టి ఇద్దరూ కలిసి ఆటోలో దగ్గర్లోని దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ చంద్రిక అనే నర్సు ఆయన్ని గుర్తుపట్టింది. "మీరు అబిడ్స్ మిక్సీ సార్ కదా? మా అమ్మ మిక్సీ ఇప్పటికీ మంచిగ నడుస్తుంది సార్," అంది. డాక్టరమ్మ ఏమైందని అడిగింది.

"బాత్రూంల జారిపడ్డది మేడం," అన్నాడు వామన్‌రావు.

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. ఆక్సిజన్ ఎంతుందో చూసే మిషన్ వేలికి పెడితే అంతా బాగానే ఉందని చూపించింది; విషవాయువు సంగతి దానికి పట్టుబడదు. తలకు దెబ్బ తగిలిందేమోనని స్కానింగుకు పంపారు. ఆయన బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తడిసిన చొక్కాతో బిచ్చయ్య పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. వామన్‌రావు నిజం చెప్పాలని రెండుసార్లు తలుపు దాకా వెళ్లి, లోపల చంద్రిక కనబడగానే వెనక్కి వచ్చాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. స్కానింగులో ఏమీ లేదు, అయినా మనిషి తేరుకోవడం లేదు, ఇంకేదన్నా జరిగిందా అని అడిగింది.

"లోపల గ్యాస్ గీజర్ ఉంది మేడం. నేనే బిగించిన. పొగ పోయేతందుకు గొట్టం పెట్టలే. అలారం మోగుతుంటే సెల్లులు కూడా నేనే తీసేసిన."

"ఈ మాట అరగంట కింద ఎందుకు చెప్పలే?"

అంటూనే ఆమె లోపలికి పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టమని అరవడం వినిపించింది.

సాయంత్రానికి కమల కళ్లు తెరిచి ఆయన్ని గుర్తుపట్టింది. ఐదో రోజు వైశాలి ఇంటికి పంపారు. ప్రాణం దక్కింది గానీ మతిమరుపు పట్టుకుంది. ఒకే కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. మనవడి పేరు కోసం వెతుక్కునేది. కొన్నాళ్లకు తగ్గుతుందని డాక్టరమ్మ అంది. వైశాలికి ఆయనే అంతా చెప్పాడు. ఆమె కోప్పడలేదు. "అది మోగిందా నాన్నా?" అని మాత్రం అడిగింది. మూడుసార్లు మోగిందని చెబితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంకో పని మిగిలింది. వ్యాన్‌లోనే కాపురం పెట్టుకుని ఊరూరా చీరలమ్మే రాజమల్లు, పోశవ్వ ఆయన బండి చూసి ముచ్చటపడితే, వాళ్ల వ్యాన్‌కూ సరిగ్గా అట్లాంటి గీజరే బిగించి ఇచ్చాడు. దవాఖాన నుంచే ఫోన్ చేసి దాన్ని ముట్టించొద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. కమల ఇల్లు చేరిన మర్నాడు పనిముట్ల సంచి తీసుకుని, వాళ్లు వ్యాన్ ఆపుకునే అఫ్జల్‌గంజ్‌కు వెళ్లాడు.

చీరలు బేరమాడుతున్నవాళ్ల ముందే మొత్తం చెప్పాడు. రాజమల్లు చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది.

"మా మనుమరాలికి గాడనే తానం పోస్తం సార్," అంది పోశవ్వ.

వామన్‌రావు తల దించుకుని వ్యాన్ ఎక్కాడు. గీజరు విప్పి కిందికి దించాడు. ఎప్పుడొచ్చినా చాయ్ తెప్పించే రాజమల్లు ఈసారి తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాడు. గ్యాస్ పైపుకు మూత బిగించడానికి ఆయన స్పానర్ తీయగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సార్. అది నేను వేరేటోన్ని పిలిచి చేపిచ్చుకుంటా."

వామన్‌రావు సరేనని స్పానర్ సంచిలో వేసుకున్నాడు. సిలిండరు వైపు వాల్వు కట్టేసి ఉందో లేదో చూడమని రాజమల్లుకే చెప్పి, అతను చూసేదాకా ఆగి, వ్యాన్ దిగాడు.