ఒక ఐసు దూరం

మా పెద్దమ్మ సామ్రాజ్యం దూరాన్ని కిలోమీటర్లలో చెప్పదు. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున మూడు పాలేలు వరసగా ఉన్నాయి. ఆమె ఉండేది మొదటి పాలెంలో. అక్కడి నుంచి మధ్య పాలేనికి ఎంత దూరమని అడిగితే "పావు ఐసు" అంటుంది. కడపటి పాలెం దాటి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటికైతే "ఒక ఐసు".

ఆమె ముప్పై నాలుగేళ్ళు ఆ పాలేల్లో ఏఎన్‌ఎంగా పనిచేసింది. బుధవారం వస్తే పిల్లలకు టీకాలు వెయ్యాలి. ఆ రోజుల్లో పాలేల మధ్య రోడ్డు లేదు. పడమట కాలవ, తూర్పున సముద్రం, మధ్యలో ఇసుక. మందు సీసాల చుట్టూ ఐసు డబ్బాలు సర్దిన నీలం పెట్టె పట్టుకుని ఒడ్డు వెంబడే నడవాలి. పెట్టె పాతది, మూత సరిగా పట్టేది కాదు. ప్రతి పాలెంలోనూ పెట్టె తెరిచినప్పుడు ఆమె ఒక ఐసు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. లోపల గడ్డ కదిలిన చప్పుడు గట్టిగా ఉంటే నిదానంగా నడవచ్చు. నీళ్ళ చప్పుడు ఎక్కువైతే అడుగులు పెంచాలి. ఉప్పుటేరు చేరేసరికి అందులో గడ్డ ఉండేది కాదు, ఉత్త నీళ్ళే.

ఆ నడకలో పద్దెనిమిదేళ్ళు ఆమెకు తోడు క్యాథరిన్. పెద్దమ్మ కంటే నాలుగేళ్ళు చిన్న, అదే సబ్‌సెంటర్‌లో రెండో నర్సు. పోయేటప్పుడు ఒకరు పెట్టె, ఒకరు రిజిస్టర్లు, వచ్చేటప్పుడు మార్చుకునేవాళ్ళు. పాలెం వాళ్ళు వాళ్ళను పెద్ద సూదక్క, చిన్న సూదక్క అనేవాళ్ళు. దూరాన రెండు తెల్ల చీరలు కనపడితే చాలు, పిల్లలు పడవల చాటున దాక్కునేవాళ్ళు. తిరుగుదారిలో సరుగుడు తోపులో కూర్చుని చద్దన్నం తిని, ఎండ తగ్గేదాకా కీర్తనలు పాడుకునేవాళ్ళు.

క్యాథరిన్ రెండు వేల ఆరులో ఇంగ్లండు వెళ్ళిపోయింది, అక్కడ దక్షిణ తీరంలో ఒక వృద్ధాశ్రమంలో పనికి. ఆ తర్వాత కూడా పెద్దమ్మ ఒడ్డు వెంబడే నడిచింది, ఒక్కతే. తర్వాత పాలేలకు రోడ్డు పడింది. ఇప్పుడు వచ్చే నర్సు స్కూటీ మీద వస్తుంది. ఒడ్డు వెంట నడిచేవాళ్ళు ఎవరూ లేరు.

క్యాథరిన్ ఉండే చోట కూడా ఒడ్డు వెంట నడిచే బాట ఉందట. మైళ్ళకు మైళ్ళు, కొండల అంచున. సెలవు దొరికినప్పుడల్లా అక్కడ నడుస్తూ పెద్దమ్మకు ఫోను చేసేది.

"అక్కా, ఈ కొండలు చూస్తే నీకు నవ్వొస్తాది. కొండ కొండంతా సుద్దముక్కే. మన బడి పిల్లకాయలు చూసినారంటే కొండను మిగల్చరు."

"ఇసక ఎట్టుండాది?"

"ఇసక యాడిది? కింద అంతా గులకరాళ్ళే. అల వెనక్కి పోయేటప్పుడు రాళ్ళన్నీ దానెంట దొర్లతాయి. ఆ చప్పుడు నువ్వు వినాల."

"ఎట్టుంటాదే?"

"చెప్పేదానికి రాదు. వచ్చి వినుకో."

ఫోనులో గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. పెద్దమ్మకు అది అంతుపట్టేది కాదు. మా తీరంలో రాయి దొరకదు. ఎంత దూరం నడిచినా ఇసుక, గవ్వలు, ఎండ్రకాయల బొరియలు. సముద్రంలో రాళ్ళు దొర్లితే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఆమె దగ్గర ఆధారమే లేదు.

నెల్లూరుకు వస్తున్న ఎవరి చేతనో క్యాథరిన్ ఒకసారి ఆ కొండ ముక్క పంపింది. కోడిగుడ్డంత తెల్ల రాయి, పట్టుకుంటే చేతికి పొడి అంటేది. పెద్దమ్మ దాన్ని వరండా పిట్టగోడ మీద పెట్టుకుంది. సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు చేతిలోకి తీసుకునేది.

మొన్న ఫిబ్రవరిలో ఆ రాయి కనపడలేదు. పక్కింటి ఆదిశేషమ్మ వాకిట్లో సిమెంటు గచ్చు మీద మాత్రం పెద్ద పద్మం ముగ్గు, మల్లెపువ్వంత తెలుపు. ఆదిశేషమ్మ భర్త వేటకు పోతాడు, ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పెద్దమ్మకు పాతికేళ్ళ ఇరుగు.

"ఆదిశేషమ్మా, ఈడ నా రాయి ఉండాల?"

"ఆ ముగ్గురాయా? మూడు శుక్రవారాల నుంచి ఏస్తా ఉండా గదక్కా. బో తెలుపు! యాడ కొన్నావు?"

"ముగ్గురాయి కాదే అది! కొండ!"

"మీ ఇంట్లో ముగ్గెయ్యరు, రాయేమో ఊరికే పడుండాదని..." అని ఆదిశేషమ్మ లోపలికి పోయి, మిగిలింది తెచ్చి చేతిలో పెట్టింది. చింతగింజంత ఉంది. పెద్దమ్మ దాన్ని చూసి, ముగ్గును చూసి, చివరికి నవ్వేసింది.

ఆ రాత్రి క్యాథరిన్‌కు ఫోనులో ఇదంతా చెప్పి, "నేనే వచ్చి ఇంకోటి తెచ్చుకుంటాలే" అంది. మాటవరసకు అన్న మాట. అవతల నవ్వు వినపడలేదు.

"రా అక్కా. నిజంగానే రా. మోకాలు ఆపరేషను చెయ్యాలంటుండారు. పిలుపు ఎప్పుడొస్తాదో తెలవదు, ఊరు దాటి పోవద్దన్నారు. అయినాక ఈ కొండలు ఎక్కగలనో లేదో. ఒక్కసారి నీతో నడవాల."

అప్పటినుంచి పెద్దమ్మ వేరే మనిషి. అరవై అయిదేళ్ళకు పాస్‌పోర్టు తీసుకుంది. కాన్వాసు బూట్లు కొనుక్కుని, అలవాటు కావాలని ఇంట్లోనే వేసుకుని తిరిగింది. వీసా ఫారం నింపడానికి నన్ను పిలిచింది. నేను చదివేది ఎం.ఏ. తెలుగే అయినా, మా ఇంట్లో కాగితం కనపడితే నా చేతికే ఇస్తారు.

ప్రయాణం ఎందుకు అనే గడి దగ్గర ఆగాను.

"నడిచేదానికి అని రాయి," అంది పెద్దమ్మ.

"అట్లా రాస్తే నవ్వుతారు పెద్దమ్మా."

"నిజం రాస్తే నవ్వుతారా?"

నేను 'స్నేహితురాలిని చూడడానికి' అని రాశాను. అదీ అబద్ధం కాదు. కానీ ఆ గడిలో ఆమె మాట ఆమె మాటగా పట్టలేదు.

జూలైలో జవాబు వచ్చింది. భర్త లేడు, పిల్లలు లేరు, పొలం లేదు. తిరిగి వస్తుందన్న నమ్మకం కలగలేదని మర్యాదగా రాశారు. నేను తెలుగులో చదివి వినిపించాను. పెద్దమ్మ రెండోసారి చదవమంది.

"తిరిగి రానంటారా? యాడుంటాను నేను ఆడ?" అంది. కాగితం నా చేతిలోంచి తీసుకుని, "నడిచేదానికి అని రాసుంటే ఇచ్చుండేవాళ్ళా?"

"ఇచ్చేవాళ్ళు కాదు పెద్దమ్మా."

"పోనీలే. నవ్వుకోనైనా నవ్వుకునేవాళ్ళు."

బూట్లు మంచం కిందికి పోయాయి. ఆగస్టంతా ఆమె ఒడ్డు వైపు పోలేదు. సెప్టెంబరు మొదట్లో క్యాథరిన్‌కు ఆపరేషను తేదీ వచ్చింది. నెల మూడో వారం.

"ఈ బుధవారం నేను నడుస్తుండా అక్కా, కడపటిసారి," అంది ఫోనులో. "నువ్వు కూడా నడువు. నీ ఒడ్డున నువ్వు, నా ఒడ్డున నేను. నాకు పొద్దున పదిన్నర, నీకు మూడు."

బుధవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పెద్దమ్మ బూట్లు వేసుకుని సిద్ధంగా ఉంది. సబ్‌సెంటర్‌లో ఎప్పుడో పక్కన పడేసిన నీలం పెట్టె వరండాలో ఉంది. కొత్త నర్సును అడిగి ఐసు డబ్బాలు నాలుగు తెచ్చి అందులో సర్దింది. పెట్టెను ఆదిశేషమ్మ ఎత్తుకుంది.

"నీకెందుకమ్మా ఈ మోత?"

"కొండను ముగ్గేసి తుడిపేసినా గదక్కా. ఆ పాపానికి మోస్తా, పద."

మూడింటికి ఫోను మోగింది. నేను స్పీకరు పెట్టి పట్టుకుని ఆమె పక్కన నడిచాను. ఇద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. "యాడున్నావు?" "పాత ఐసు ఫ్యాక్టరీ కాడ." "నేను గేటు దాటినా. ఎదురుగా పైకెక్కాల." "మెల్లిగా ఎక్కు." తడి ఇసుక మీద బూట్ల జాడలు పడుతున్నాయి, అల తుడిచేస్తోంది. మధ్య పాలెంలో ముప్పై ఏళ్ళ మనిషి ఒకతను వల బాగు చేసుకుంటూ తలెత్తి, "సూదక్కా! మళ్ళీ వచ్చినావా?" అని భుజం పట్టుకుని ఏడుపు నటించాడు. ఫోనులో క్యాథరిన్ నవ్వింది. అక్కడ పెద్దమ్మ పెట్టె తెరిచి ఐసు డబ్బా ఊపింది.

"ఎంతుండాది అక్కా?"

"ముక్కాలు."

సరుగుడు తోపు దగ్గరికి వచ్చేసరికి సిగ్నలు పోయింది. ఆ తోపులో ఎప్పుడూ రాదు. పెద్దమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. వాళ్ళు చద్దన్నం తినే చోటు చూపించలేదు గానీ, ఒక చోట అడుగు ఆగింది. తర్వాత వేగం తగ్గిపోయింది. బూట్లు విప్పి చేతిలో పట్టుకుంది.

ఉప్పుటేరు చేరేసరికి అయిదున్నర దాటింది. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. కొంగలు ఇసుక తిన్నె మీద నిలబడ్డాయి. ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు సిగ్నలు వచ్చి నా చేతిలో ఫోను అదిరింది. క్యాథరిన్ నుంచి వాయిస్ మెసేజి, రెండు నిమిషాలది. దాని కింద తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఒక వాక్యం. మెట్లు దిగి కిందికి వచ్చానని, గాలి తగలకుండా ఫోనును స్కార్ఫులో చుట్టి రాళ్ళ మీద పెట్టానని.

పెద్దమ్మ ఫోనును చెవికి ఆనించుకుంది. మెసేజిలో మాటలు లేవు. అల వచ్చిన చప్పుడు, ఆ తర్వాత అది వెనక్కి పోతుంటే వేలకొద్దీ చిన్న గట్టి వస్తువులు ఒకదానికొకటి తగులుతూ జారిపోయిన చప్పుడు. మళ్ళీ అల. రెండు నిమిషాలు అయిపోయినా ఆమె ఫోను దించలేదు. రెండోసారి పెట్టమని సైగ చేసింది.

"ఏందక్కా అది?" ఆదిశేషమ్మ అడిగింది.

"ఐసే గదా ఇది!" అంది పెద్దమ్మ. "డబ్బాలో గడ్డలు కదిలిన చప్పుడే. ఇరవై ఏళ్ళు చెప్పేదానికి రాదు, చెప్పేదానికి రాదు అనింది. దొంగది. ఇన్నాళ్ళూ ఆడ కూర్చుని ఇది వింటా ఉండాది."

కొంగుచాటుకు మొహం తిప్పుకుని, కాసేపటికి పెట్టె తన వైపు లాక్కుని తెరిచింది. ఒక డబ్బా తీసి చెవి దగ్గర ఊపింది. రెండోది ఊపింది. నాలుగూ చూసి, ఒకదాన్ని నా చేతిలోని ఫోను దగ్గరికి తెచ్చింది.

"రికార్డు చెయ్యమ్మా."

నేను నొక్కి పట్టుకున్నాను. ఆమె డబ్బాను మెల్లగా, అటూ ఇటూ, చాలాసేపు ఊపింది. లోపల గడ్డ లేదు.

"అక్కా, ఉత్త నీళ్ళే గదా," అంది ఆదిశేషమ్మ. "ఏం తెలస్తాది ఆమెకు?"

"దానికి తెలస్తాదిలే," అంది పెద్దమ్మ, "యాడిదాకా వచ్చినామో."