వీర్రాజు మాస్టారి కంప్యూటర్ మూగబోయిన రోజు

2023 ఆగస్టు నెల. ఆత్రేయపురంలో లాకుల వైపు వెళ్ళే రోడ్డు మీద, కాలువకు ఎదురుగా ఉన్న చిన్న గది మా షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీన్, ఒక ప్రింటర్. గోడకు అవతల మంగాయమ్మ గారి పూతరేకుల కొట్టు. ఆవిడ వేడి కుండ మీద నుంచి రేకు తీస్తుంటే ఆ ఆవిరీ, నెయ్యి వాసనా మా గదిలోకి కూడా వస్తాయి. కాలువ నిండుగా పారే రోజుల్లో నీటి మీద పడిన వెలుగు మా పైకప్పు మీద కదులుతూ ఉంటుంది. మధ్యాహ్నం పూట దాన్ని చూస్తూ కూర్చుంటే గది కూడా మెల్లగా ఎటో వెళుతున్నట్టే ఉంటుంది.

నా పని డీటీపీ. శుభలేఖలు, అర్జీలు, పూతరేకుల డబ్బాల మీద లేబుళ్ళు కంప్యూటర్లో టైపు చేసి, అచ్చుకు పొందికగా అమర్చడం. నేను చదివింది ఐదో తరగతి. మొదట్లో ఈ షాపు వేరే ఆయనది, నేను ఊడ్చి తుడిచేదాన్ని. ఆయన కుర్చీ వెనక నిలబడి, ఎక్కడ నొక్కితే ఏం తెరుచుకుంటుందో చూసి గుర్తుపెట్టుకున్నాను. ఆయన ఊరు వదిలి వెళుతూ షాపు నాకే అప్పగించారు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను గానీ, మాటలుగా కూడబలుక్కోలేను. పైనుంచి నాలుగోది, బాణం గుర్తు పక్కది, ఎడమవైపు బటన్. ఇలా చోట్లు గుర్తుపెట్టుకునే ఇన్నేళ్ళూ పని చేశాను. ఒకసారి చూసిన చోటు నేను మరిచిపోను.

వీర్రాజు మాస్టారు హైస్కూల్లో సోషల్ చెబుతారు. ఆయనకు చూపు లేదు. ఏడో ఏట తట్టు పోసి పోయింది. కర్ర తాటించుకుంటూ ఆటో దిగి, మంగాయమ్మ గారి కొట్టు ముందు నెయ్యి వాసన తగలగానే కుడికి తిరిగి, సరిగ్గా మా గడప ముందు ఆగుతారు. ఆయన లాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ ఉంటుంది. అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. నీళ్ళ అడుగు నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. పాఠాలన్నీ ఆయనే టైపు చేసుకుంటారు. క్లాసులో ఒక చెవికి వైరు తగిలించుకుని, మధ్యమధ్యలో వింటూ పాఠం చెబుతారు.

ఆ నెల మొదట్లో ఒకరోజు ప్రశ్నపత్రం ప్రింటు తీయించుకోవడానికి వచ్చారు. ఆయన ఫైలు తెరిచి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఆ పాత ప్రోగ్రాంలో అక్షరాలు సన్నగా, బక్కచిక్కి, ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అంత చదువుకున్న మనిషి రాత ఇలా ఉండాలా అనిపించింది. ఆ మధ్యనే నాకు ఒక కొత్త ప్రోగ్రాం దొరికింది. గుర్తు పచ్చటి ఆకులా ఉంటుంది. దాన్లో తెలుగు గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు పడుతుంది. ఆయన బెంచీ మీద కూర్చుని మంగాయమ్మ గారితో మాట్లాడుతుండగా, దాన్ని ఆయన లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. చెవి వైరు దానికే తగిలించి ఉండటంతో ఆ గొంతు బయటికి వినిపించలేదు. ఫైలు నొక్కగానే దేన్లో తెరవాలని అడిగే గడి దానంతటదే వస్తే, ఇకమీదట ఫైళ్ళన్నీ దాన్లోనే తెరుచుకునేలా చేశాను.

దీన్ని డీఫాల్ట్ ప్రోగ్రాం మార్చడం అంటారు. ఒక ఫైలు మీద రెండుసార్లు నొక్కితే దాన్ని ఏ ప్రోగ్రాంలో తెరవాలో కంప్యూటర్ ముందే గుర్తుపెట్టుకుని ఉంటుంది. మనం వేరే ప్రోగ్రాం చూపించి, కింద ఎడమవైపు బటన్ నొక్కితే ఆ గుర్తు మారిపోతుంది.

"మీ కంప్యూటర్ని కాస్త బాగు చేశానండి మాస్టారూ," అన్నాను.

"మీ చెయ్యి పడిందంటే బాగుపడకేం చేస్తుందండీ," అని నవ్వుతూ వెళ్ళారు. ఆ పూటంతా నాకు ఎవరికో కొత్త బట్టలు పెట్టినంత సంతోషంగా ఉంది.

పది రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం. నల్లగా మబ్బు పట్టింది. వాన మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. నా కంప్యూటర్లు రెండూ ఆరిపోయాయి. ఆ చీకట్లో కర్ర చప్పుడు వినిపించింది. మాస్టారు తడిసిపోయి వచ్చారు. లాప్‌టాప్ సంచీని మాత్రం చొక్కా లోపల దాచుకున్నారు.

"అక్కగారూ, ఉన్నారా?"

"ఉన్నానండి. ఇంత వానలో ఏంటండీ, ఫోన్ చేస్తే నేనే వద్దునుగా!"

"నా పాఠాలు పోయాయండి," అన్నారు. సంచీ తీసి నా చేతుల్లో పెట్టారు. "పరీక్షలని ఇన్నాళ్ళూ తెరవలేదండి, ఇవాళ ఫైలు మీద ఎంటర్ కొడితే పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటోందండి. లోపల ఏమీ లేదు. ఏది తెరిచినా అంతే. మూడేళ్ళ పాఠాలు."

కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు ఇచ్చాను. తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పారు. సోమవారం పై అధికారులు స్కూలుకు వచ్చి పదో తరగతిలో ఆయన పాఠం వింటారట. హెడ్మాస్టారు ముందే పిలిచి, "మీకెందుకండీ ఇబ్బంది, పక్కన ఇంకో మాస్టారికి కుర్చీ వేయిద్దాం. ఆయన చదువుతారు, మీరు అప్పుడప్పుడూ రెండు మాటలు కలపండి," అన్నారట.

"అక్కర్లేదు, నేనే చెబుతానన్నానండి. పౌరుషానికి పోయాను. ఇప్పుడు చూడండి."

"కంగారు పడకండి. నాకు తెలుగు వచ్చుగా, ఇప్పుడే కూర్చుని చదివి వినిపిస్తాను."

"ఇవాళ మీరు చదువుతారు. సోమవారం ఇంకొకరు చదువుతారు. చిన్నప్పటి నుంచీ అంతేనండి. ఎవరికి తీరికైతే వాళ్ళు చదవాలి, వాళ్ళు ఆపినచోట నేను ఆగాలి. ఈ మూడేళ్ళే నాకు కావలసినచోట నేను ఆగాను."

లాప్‌టాప్ తెరిచాను. గది మొత్తానికి ఆ తెర ఒక్కటే వెలుగు. పాఠం ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. గొంతు ఫైలు పేరు చెప్పి ఆగిపోయింది. నా కళ్ళ ముందు మాత్రం పాఠమంతా ఉంది. ఒక్క ముక్క పోలేదు. గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు.

పై మూల పచ్చటి ఆకు.

అందంగా చూపించే ఆ ప్రోగ్రాంకి స్క్రీన్ రీడర్ అడిగితే చెప్పడం రాదు. చూడలేని మనిషికి అక్షరాలు అందంగా కనిపించాలని ఆశపడి, ఆయన చదువు నోరు నొక్కేశాను.

అప్పుడే గోడ అవతలి నుంచి మంగాయమ్మ గారు కేకేశారు. "ఏవే సత్యవతీ, ఏమైందంట మాస్టారికి? దిష్టి తగిలి ఉంటుంది. మిరపకాయలు తెమ్మంటావా?"

"దిష్టి కాదండీ పిన్నిగారూ, నేనే తగిలాను," అన్నాను. తర్వాత మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆకు గుర్తు సంగతి, ముత్యాల సంగతి, ఎడమ బటన్ సంగతి.

ఆయన తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. వాన, కాలువ, పక్క కొట్టులో కుండ మీద తడిగుడ్డ వేసినప్పుడల్లా సుయ్యిమనే చప్పుడు. చివరికి ఆయనే అడిగారు.

"పాఠాలు ఉన్నాయన్నమాట?"

"అన్నీ ఉన్నాయండి."

"అంత బాగుంటాయాండీ, దాన్లో అక్షరాలు?"

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "బాగుంటాయండి," అన్నాను.

"సరే, పట్టండి. బ్యాటరీ ఎంతోసేపు రాదు. మీకు కళ్ళున్నాయి, నాకు ఇంగ్లీషుంది. చూద్దాం."

ఫైలు మీద పెట్టి రైట్ క్లిక్ చేశాను. అంటే మౌస్ కుడి మీట నొక్కడం. పనుల జాబితా ఒకటి దిగుతుంది. నా మెషీన్లలో అయితే కావలసినది పైనుంచి ఎన్నోదో నా వేళ్ళకే తెలుసు. ఆయనది కొత్త రకం, దాన్లో ఈ జాబితా నేనెప్పుడూ దింపలేదు. చోట్లన్నీ మారిపోయి ఉన్నాయి. తెలిసిన ఊరికే కలలో వెళ్ళినట్టు, వీధి అదే, ఇళ్ళు మాత్రం అటుదిటు. నెమ్మదిగా బాణాన్ని కిందికి జరుపుతుంటే ఒక వింత జరిగింది. బాణం దేని మీద నిలిస్తే దాని పేరు ఆ గొంతు పైకి చెబుతోంది. ఇన్నేళ్ళూ నేను నొక్కినవి నాకు బొమ్మలే. నా మెషీన్లు ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ చీకటి గదిలో అవి ఒక్కొక్కటే లేచి పేరు చెప్పుకుంటున్నాయి.

"ఓపెన్ విత్," అంది గొంతు.

"ఆగండి! అదేనండి," అన్నారు మాస్టారు. "దేనితో తెరవాలి అని అడుగుతోంది."

దాన్లోకి వెళితే ప్రోగ్రాంల వరుస వచ్చింది. ఒక్కోదాని మీదికీ వెళ్ళాను. రెండోది కాదన్నారు, మూడోది కాదన్నారు. ఐదోదాని పేరు వినగానే చెయ్యెత్తారు. "ఇదేనండి. మూడేళ్ళూ నాకు చదివింది ఇదే."

దాన్ని నొక్కి, అలవాటుగా కిందికి, ఎడమవైపు బటన్ మీదికి వెళ్ళాను.

"ఆల్వేస్," అంది గొంతు.

"అంటే ఏంటండీ?"

"ఎప్పటికీ అని అండి."

నా వేలు ఆగిపోయింది. "దాని పక్కన ఇంకోటి ఉందండి." బాణాన్ని దాని మీదికి జరిపాను.

"జస్ట్ వన్స్," అంది గొంతు.

"ఈ ఒక్కసారికి మాత్రమే అని."

కుడివైపు బటన్ అంటూ ఒకటి ఉందని నాకు తెలుసు. దాన్ని ఒక్కనాడూ నొక్కలేదు. నేర్పినాయన ఎడమది నొక్కేవారు, నేనూ ఎడమదే నొక్కాను. రైసు మిల్లు గుమాస్తా గారి కంప్యూటర్లో, బీమా ఏజెంటు గారి దాన్లో, నర్సరీ వాళ్ళ దాన్లో, శుభలేఖ చూపించమని తెచ్చిన పెళ్ళిపిల్ల తమ్ముడి లాప్‌టాప్‌లో. ఒకసారి ఫైలు తెరిచి చూడటానికని నాకు నచ్చిన ప్రోగ్రాం చూపించి, అందరి వాటిలోనూ 'ఎప్పటికీ' అని నొక్కేశాను. అందరి మొహాలూ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

"ఏంటండీ, ఆగిపోయారు?"

"ఇది మీరే నొక్కండి మాస్టారూ," అని బాణాన్ని ఎడమవైపు పెట్టి, ఆయన వేలిని మీట మీద ఉంచాను.

నొక్కారు. ఫైలు తెరుచుకుంది. అదే పాత ప్రోగ్రాం, అవే బక్కచిక్కిన అక్షరాలు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నీళ్ళ అడుగు నుంచి ఆ గొంతు లేచింది.

"నది సముద్రం దగ్గరికి వచ్చేసరికి తొందర తగ్గించుకుంటుంది. అంత దూరం నుంచి మోసుకొచ్చిన మట్టిని ఇక్కడ దించుతుంది. మనం నిలబడ్డ నేల అదే."

మాస్టారు మీట నొక్కి ఆపారు. తనకు కావలసినచోట. మళ్ళీ వెనక్కి వెళ్ళి అదే వాక్యం విన్నారు. చెయ్యి చాపి తెర మూత సగం దించేశారు. "వెలుతురు దండగ కదండీ," అన్నారు. ఆ మసక చీకట్లో ఇద్దరం పాఠం చివరిదాకా విన్నాం. నదులు, పాయలు, మేటలు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, నా కాళ్ళ కింది నేల ప్రయాణం చేసి వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు.

కరెంటు వచ్చాక ఆ ఆకు ప్రోగ్రాంని తీసేస్తానన్నాను. ఆయన వద్దన్నారు.

"ఉండనివ్వండి. పిల్లలకి ఇవ్వడానికి ఈ పాఠం ప్రింటు కావాలి. అది మాత్రం దాన్లో తీయండి. వాళ్ళు చూసేవాళ్ళేగా. నాకు పలక మీద 'అ' నుంచి 'ఋ' దాకా గుర్తుందండి. చాలా అందంగా ఉండేవి."

మళ్ళీ రైట్ క్లిక్ చేశాను. ఆకు గుర్తు చూపించి, నా జన్మలో మొదటిసారి కుడివైపు బటన్ నొక్కాను. క్లాసులో ఎంతమంది పిల్లలుంటే అన్ని కాగితాలు, గుండ్రటి అక్షరాలతో, వేడివేడిగా ప్రింటర్లోంచి వచ్చాయి. మాస్టారు పై కాగితం మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

మంగళవారం మళ్ళీ వచ్చారు. అడగకముందే మంగాయమ్మ గారు పూతరేకు చేతిలో పెట్టి, "చెప్పండి, ఏమన్నారు వాళ్ళు?" అన్నారు.

"ఏమంటారండీ, విన్నారు. పిల్లలు లేచి ప్రశ్నలు అడిగారు, చెప్పాను. పక్కన కుర్చీ అయితే వేయించారండి హెడ్మాస్టారు."

"అయ్యో, వేయించారా! ఎవరు కూర్చున్నారు?"

"నా సంచీ పెట్టుకున్నానండి," అన్నారు.

ఆ వారమంతా నాకు గుర్తున్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. మీ కంప్యూటర్లో ఫలానా మార్పు నేనే చేశాను, పాతదే కావాలంటే తీసుకురండి అని. చాలామందికి తేడాయే తెలియదట. బీమా ఏజెంటు గారు మాత్రం, "ఆయ్, మీరా అండీ! ఏడాదిగా ఎవరిని తిట్టుకుంటున్నానో తెలియక తిట్టుకుంటున్నాను," అన్నారు. మర్నాడు తెచ్చారు, సరిచేశాను.

ఇప్పుడు ఎవరి కంప్యూటర్ ముట్టుకున్నా, ముందు వాళ్ళనే తెరిచి చూపించమంటాను. వాళ్ళ చెయ్యి ఎటు వెళుతుందో చూస్తాను. నాకు బాగున్నది వాళ్ళకు బాగుంటుందో లేదో అప్పుడు అడుగుతాను. మొన్న మంగాయమ్మ గారు తన ఫోన్లో లేబుల్ బొమ్మ తెరవమంటే అదే అడిగాను. "బొమ్మ చూపించవే అంటే ఇన్ని ప్రశ్నలేంటే!" అని కసిరారు.

కసిరితే కసిరారు. బటన్ మీద వేలు ఆపి, ఆవిడ మొహంలోకి చూసి మళ్ళీ అడిగాను.

"ఎప్పటికీనా పిన్నిగారూ, ఈ ఒక్కసారికేనా?"