అమ్మ ముఖం మీద తెల్లరంగు

మొన్న తిరుపతిలో మా కోడలు నన్నొక బొమ్మల ప్రదర్శనకు తీసుకుపోయింది. నోరు తెరిచి ఏడుస్తున్న ఒక ముసలామె బొమ్మ ముందు జనం కదలకుండా నిలబడి ఉంటే, గీతల, మరకల రోజులు పోయి చిత్రకళలోకి మనుషులు మళ్లీ వచ్చారనీ, ఇప్పుడు బాధను బాధగానే వేస్తున్నారనీ అక్కడొకాయన చెప్పుకుపోతున్నాడు. మా అన్న చేసిన పాపమల్లా అదే కదా, కాకపోతే నలభై ఏళ్లు ముందుగా చేశాడు.

డెబ్భైల చివర అన్న మద్రాసులో బొమ్మలు నేర్చుకునేటప్పుడు అక్కడ అందరూ రంగుల మరకలే వేసేవాళ్లట, మనుషుల్ని వేసే అన్నను క్యాలెండరోడని ఎగతాళి చేసేవాళ్లట; సెలవులకు చిత్తూరు వస్తే ఇక్కడివాళ్లు ఈ వంకర మూతులేమిటని నవ్వేవాళ్లు. అమ్మ ఒక్కతే, వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ, గంటలకొద్దీ అన్నకు ముఖం అప్పగించేది.

ఆ అమ్మే ఎనభైల మొదట్లో కడుపులో పుండుతో మంచం పట్టి, తీసుకుని తీసుకుని పోయింది. పెద్దకర్మ నాటికి పోయినవాళ్ల పటం గీయించి దండ వేయడం మా వైపు ఆనవాయితీ. ముత్తైదువ పటమంటే పట్టుచీర, కాసులపేరు, రూపాయంత బొట్టు ఉండి తీరాలి, బతికుండగా ఆమె కాసులపేరు ఎరగకపోయినా సరే. అన్న మాత్రం చివరి నెలల అమ్మను వేశాడు: రేగిన జుట్టు, చెరిగిన బొట్టు, దుప్పటిని బిగించి పట్టుకున్న పిడికిలి, నొప్పి ఓర్చుకుంటూ మమ్మల్నే చూస్తున్న కళ్లు.

బంధువుల ముందు గుడ్డ తీయగానే మేనత్త నెత్తి కొట్టుకుంది. "ముత్తైదువగా పోయిన మనిషినప్పా, యాడన్నా ఇట్లా ఏస్తారా?"

"అమ్మ ఇట్లే ఉన్నింది గదత్తా," అన్నాడు అన్న.

నాయన ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. "దీన్ని దినామూ సూస్తా నేను బతకలేనురా, తీసెయ్," అన్నాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం, ఆ నొప్పినంతా పక్కన కూర్చుని చూసిన మనిషి.

అన్న బొమ్మను పెరట్లోకి తీసుకుపోయి, తన చేత్తోనే దాని మీద తెల్లరంగు పూసేశాడు. కళ్ల దగ్గర చాలాసేపు ఆగాడు. స్టూడియోలో కాసులపేరు పెట్టి గీయించిన పటం గోడకెక్కింది. అన్న తిరుచానూరులో లాడ్జీలకు బోర్డులు రాస్తూ బతికి, మళ్లీ మనిషి ముఖం వేయకుండానే పోయాడు.

ఇప్పుడు జనం ఏడుపు ముఖాన్ని గోడకు తగిలించుకుని, ఎదురుగా నిలబడి చూడగలుగుతున్నారు. సంతోషమే, కానీ చూపించడానికి మా అన్న లేడు. ఈ మధ్య కళ్లు మూసుకుని అమ్మను తలచుకుంటే, కాసులపేరు వేసుకున్న ఆ స్టూడియో ఆవిడే వస్తోంది. మా అమ్మ ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదు.