తడి చెంప

మా మరిది బొమ్మిడిలో ఒక ధనవంతుడికి ఉన్న ఇల్లులాంటి బస్సును చూసుకునేవాడు. మీట నొక్కితే అందులోంచి ఒక గది బయటికి జరుగుతుంది. వాన చొరబడకుండా దాని చుట్టూ గాలితో ఉబ్బే రబ్బరు గొట్టం ఉంటుంది. గాలి ఎక్కడ పోతోందో బుస్సుమనే చప్పుడును బట్టి పట్టుకోవాలి. మా మరిది మాత్రం చెంప తడుపుకుని రబ్బరు పొడవునా ఆనించేవాడు.

ఒకరోజు అన్నం తీసుకుపోయినప్పుడు అడిగాను. "ఏమప్పా, దానికి ముద్దులు పెడతా ఉండావా?"

పలకలేదు. భుజం తడితే ఉలిక్కిపడ్డాడు.

"చెవులు పోయినాయి వదినా. ముదలాళికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. చెప్పొద్దు" అని మళ్ళీ రబ్బరుకు చెంప ఆనించాడు.

అంతలో యజమాని వచ్చి వెనక నుంచి పిలిచాడు. మళ్ళీ గట్టిగా పిలిచాడు. మరిది కదల్లేదు. యజమాని నావైపు తిరిగాడు. నేను నోరు విప్పకుండానే అతనికి నా ముఖంలో అంతా దొరికింది.