గన్నేరు మీద సాలెపురుగు

మా ఆయన ఎర్రగుంట్ల దగ్గర, మా ఊరి పక్కనే ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలో మూటలు నింపేచోట పనిచేసేవాడు. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు దగ్గు మొదలైంది. కడపలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిందనీ, అది ఇక పోయేది కాదనీ చెప్పాడు. ఆయన పని మానేశాడు. పెళ్ళిపందిట్లో అంతసేపు నిలబడే శక్తీ పోయింది. కెమెరా బీరువాలో పడింది.

ఆ ఏడు వానలు పడ్డాక పెరట్లో గన్నేరు చెట్టుకు పసుపు చారల సాలెపురుగు ఒకటి గూడు కట్టింది. గూటి నడుమ తలకిందులుగా, కాళ్ళు జతలు జతలుగా చాపుకుని కదలకుండా ఉండేది. ఆయన మంచం అటువైపు తిప్పించుకుని కొన్ని రోజులు దాన్నే చూశాడు. తర్వాత కెమెరా తెమ్మన్నాడు.

లెన్సు ఊడదీసి, వెనకవైపు ముందుకు వచ్చేలా తిప్పి, నల్ల టేపుతో కెమెరాకు అతికించాడు. అలా పెడితే చీమ కూడా చేయంత కనిపిస్తుందని ప్రొద్దుటూరు స్టూడియో అతను ఎప్పుడో చెప్పాడట. కానీ పురుగుకు జానెడు దూరంలోకి పోవాలి. ఫోకస్ వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. మనిషి కాస్త ఊగినా, గాలి పీల్చినా బొమ్మ చెదిరిపోతుంది.

మొదటి రీలు కడిగిస్తే ఒక్క ఫోటో కూడా తేలలేదు. స్టూడియో అతను నవ్వాడట.

"ఏందప్పా, పొగను తీసినావా?"

గాలికి అడ్డంగా దుప్పటి కట్టాడు. నా అద్దంతో ఎండను పురుగు మీదికి తిప్పాడు. స్టాండు పెట్టాడు. అన్నీ కుదిరి ఊపిరి బిగబట్టబోయేసరికి దగ్గుతెర వచ్చేది. ఆ దగ్గుకు గూడంతా అదిరి, సాలెపురుగు దారం పట్టుకుని కిందికి జారిపోయేది. అది మళ్ళీ ఎక్కి వచ్చేదాకా ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని ఎదురుచూసేవాడు.

నాకు ఒళ్ళు మండేది. "ఊపిరాడని మనిషికి ఈ పురుగుల పిచ్చి ఏంది? లోపలికి పో. ఈడ దుమ్ము శానా ఉండాది."

"లోపల మాత్రం ల్యాదా?" అన్నాడు. కెమెరా నా చేతికిచ్చి, "మే, నువ్వు తీయ్," అన్నాడు.

అంతవరకూ నేను కెమెరా ముట్టుకుని ఎరగను. ఆయన నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. "కదలాకు. కాళ్ళు తెలుస్తాండాయా? ఇంగ కొంచెం వంగు. ఊపిరి బిగబట్టు... ఆ, నొక్కు." నేను బిగబట్టిన ఆ క్షణంలో ఆయన రొమ్ములో పిల్లికూతలు వినపడేవి. ఎంతసేపు బిగబట్టినా నాకేమీ కాకపోవడం సిగ్గుగా ఉండేది.

చివరికి ఒక ఫోటో తేలింది. కాళ్ళ మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపించాయి. ప్రతి వెంట్రుకకూ బూడిదరంగు సిమెంటు దుమ్ము అంటుకుని ఉంది. మామూలు కంటికి అది మాకెప్పుడూ కనబడలేదు. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను. చాలాసేపు చూసి, "దీన్ని గూడా ఇడిసిపెట్టలా," అన్నాడు.

ఆ తర్వాత కెమెరా అడగలేదు. ఒక పొద్దున నేనే, "గాలి లేదు, తీద్దామా?" అన్నాను.

"వద్దులే మే," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చలికాలంలో కడప ఆసుపత్రిలో పోయాడు, ముక్కుకు గొట్టం ఉండగానే. దినాలకు దండ వేయడానికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెదికాను. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు తీసిన మనిషికి తనది ఒక్కటీ లేదు. ఆ వానాకాలమంతా కెమెరా నా చేతుల్లో ఉంది, ఆయన నా వెనకే ఉన్నాడు. టేపు విప్పి లెన్సు మామూలుగా పెట్టడం ఎంత పని? మా ఇద్దరికీ తోచలేదు.

ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది బొమ్మను పెద్దది చేయించాం. పనిలో చేరిన కొత్తలోది. నిండు బుగ్గలు, నూనె పెట్టి దువ్విన జుట్టు. మా వీధికి కొత్తగా కాపురం వచ్చినామె దాని ముందు నిలబడి, "ఈయప్ప ఎవురుక్కా, మీ తమ్ముడా?" అని అడిగింది.

కాదు, మా ఆయనే అన్నాను. ఆమె మళ్ళీ ఒకసారి ఫోటో వైపు చూసి, పోయి కూర్చుంది.