రెండు చీటీలు, ఒక ఆప్షన్

ఆప్షన్ అనే మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట. అరవైల చివర్లో నాచారంలో ఒక మందుబిళ్ళల ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అక్కడ ఆ మాట రోజుకు పదిసార్లు వినేదాన్ని. పొద్దుటి షిఫ్టా, మధ్యాహ్నం షిఫ్టా అన్నది ఆప్షన్. పండుగ సెలవు ఏ రోజు కావాలన్నది ఆప్షన్. పనివాళ్ళ నోట మాత్రం దాని వెనకే ఎప్పుడూ ‘లేదు’ తగిలి ఉండేది. "నాకు ఆప్షన్ లేదు సార్" అని తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

దాని పుట్టుక నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి ఉప్పల్‌లోని గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పోయి గోడలు చూస్తూ కూర్చోవడం ఇష్టంలేక, పని అయిపోయాక కూడా ఆఫీసులోనే ఉండి మేనేజరు బీరువాలోని లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు చదివేదాన్ని. నవ్వకండి, ఒంటరివాళ్ళు ఏదైనా చదువుతారు. లాటిన్‌లో ఆప్టారే అంటే ఎంచుకోవడమట, మనసారా కోరుకోవడం కూడానట. రోమన్ సైన్యంలో అధికారి తనకు తోడుగా ఎంచుకున్న సహాయకుణ్ణి ఆప్టియో అనేవారట. దత్తతకు ఇంగ్లీషువాళ్ళు వాడే అడాప్ట్ అనే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చిందట. అది చదివిన సాయంత్రం పుస్తకం మూసి ఏడ్చాను. నన్నూ ఒకరు అలా కోరి తెచ్చుకున్నారు మరి.

ఆమెను అక్కా అనేదాన్ని. సొంత అక్క కాదు. మిషన్ బోర్డింగు బడిలో నాకంటే రెండేళ్ళు పెద్ద. సెలవులిస్తే అందరి కోసం ఎవరో ఒకరు వచ్చేవారు, నాకోసం వచ్చేవారు లేరు. ఒక ఎండాకాలం నా ట్రంకుపెట్టె తనే ఎత్తుకుని, "నడువే, మా ఊరికి పోదాం" అంది. పెద్దయ్యాక ఫ్యాక్టరీ ప్యాకింగులో తనకు పని దొరకగానే నన్నూ ఆఫీసులో పెట్టించింది. ఉప్పల్‌లో ఇద్దరికీ ఒకే గది, ఒకే పొయ్యి. పొద్దున్నే జొన్నచేల మధ్య బాటలో నాచారం దాకా నడిచేవాళ్ళం. ఆమె మాట్లాడుతూనే ఉండేది, నేను ఊకొట్టేదాన్ని.

నాలుగేళ్ళు గడిచాక కంపెనీ బొంబాయి దగ్గర కొత్త యూనిట్ పెట్టింది. అక్కడికి వెళితే సూపర్‌వైజరును చేస్తామని ప్యాకింగులో కొందరికి ఆప్షన్ ఫారాలు పంచారు. ఒక గడి వెళ్ళడానికి, ఒక గడి ఉండిపోవడానికి. ఆ ఫారం నకళ్ళు తీయడానికి టైపు మిషన్ మీద స్టెన్సిల్ కొట్టింది నేనే. ఒకటి అక్కకూ వచ్చింది.

వారం రోజులు ఆ కాగితం కిటికీలోనే ఉంది. "ఏం జెయ్యాల్నే, చెల్లె?" అని అక్క రోజూ అడిగేది. అన్నం కలుపుకుంటూ "నీ ఇష్టం" అనేదాన్ని. ఎంత గొప్పగా అనేదాన్నో! లోపల ప్రాణం పోతూ ఉండేది. ఆమె వెళితే ఈ ఊళ్ళో నాతో కలిసి అన్నం తినేవాళ్ళు లేరు, జ్వరమొస్తే నుదురు పట్టి చూసేవాళ్ళు లేరు. అయినా నోరు రాలేదు. ఎవరినీ ఏదీ అడగకపోవడమే మర్యాద అనుకుంటూ పెరిగాను. అది మర్యాద కాదు, పొగరు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అక్క, "ఇగ దేవుణ్ణే అడుగుదాం. చీటీలు రాయ్" అంది. ఎటూ తేలని సంగతికి మావాళ్ళలో అదే పద్ధతి. రెండు చీటీలు బైబిల్లో పెట్టి, మోకాళ్ళూని ప్రార్థన చేసి, ఒకటి తీయాలి. తీసింది దేవుని మాట. రెండోది విప్పకుండా పొయ్యిలో వేసేయాలి.

ఆమె అటు తిరిగి ఎసరు పెడుతోంది. నేను రెండింటి మీదా ‘ఉండు’ అనే రాశాను.

అక్క కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించింది. చీటీ తీసి చదివి, ఒక్కసారిగా నవ్వింది. "ఉండుమన్నడే! పానం నిమ్మలమైంది. నాకు గూడ పోబుద్ధి లేకుండె" అంటూ నన్ను పట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పడం మొదలుపెట్టింది. బైబిల్లోంచి నేను తీసిన రెండో చీటీ నా గుప్పిట్లో ఉంది. పొయ్యి రెండడుగుల దూరంలో మండుతోంది. అందులో పడేస్తే అయిపోయేది. కానీ ఆ స్తోత్రం నేను భరించలేకపోయాను. చీటీ విప్పి ఆమె చేతిలో పెట్టాను.

చదివింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"వారం సంది అడుగుతున్న గదనే. ఉండక్కా అని ఒక్కమాటంటే ఉంటుంటి."

నేను పొయ్యి ముందు కూర్చుని కట్టెలు లోపలికి తోశాను.

"దేవుడు చెప్పలే. నువ్వు గూడ చెప్పలే. ఇగ నన్ను ఉండుమన్నదెవరే?"

నేనే అక్కా, ఉండిపో అని అప్పుడైనా అనవలసింది. ఆమె కిటికీలోంచి ఫారం తీసి పెన్ను అడిగింది. నేను లేచి, వెతికి ఇచ్చాను.